గామా–న్యూట్రాన్ శోధకాల చరిత్ర: గోదావరి డెల్టా నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గామా కిరణాలను, న్యూట్రాన్లను రెంటినీ పసిగట్టే శోధకాల చరిత్రను సాధారణంగా అణురియాక్టర్ల చరిత్రలో ఒక చిన్న అధ్యాయంగా చెప్పి వదిలేస్తారు. కోనసీమ వైపు నుంచి చూసినప్పుడు ఈ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. ఇక్కడ ఈ పరికరాలకు పని కల్పించినది రియాక్టరు కాదు, సహజవాయువు బావి. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న సందర్భం, వశిష్ఠ గోదావరికి పడమటి ఒడ్డున పుట్టిన ఇద్దరు శాస్త్రజ్ఞుల కృషి, మలికిపురం పరిసరాలలో భూగర్భ పొరలను చదివే పద్ధతి, ఇటీవలి ద్వంద్వ శోధక స్ఫటికాలు అనే నాలుగు అంశాలను ఒకే క్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గామా కిరణాలు, న్యూట్రాన్, శోధకం, స్వామి జ్ఞానానంద, ఎ. ఎస్. రావు, బావి లాగింగ్, కృష్ణా–గోదావరి బేసిన్, మలికిపురం.

1. ఉపోద్ఘాతం

డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోని మలికిపురం మండలం వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య సముద్రాన్ని ఆనుకుని ఉన్నది. కొబ్బరితోటలకు, వరిచేలకు పేరుపొందిన ఈ నేల కింద చమురు, సహజవాయువు ఉన్నాయి. ఈ మండలంలోని కేశనపల్లి పేరు చమురు పరిశ్రమ పత్రాలలో ఒక క్షేత్రం పేరుగా కనిపిస్తుంది. పొరుగున ఉన్న పాశర్లపూడి, మోరి పేర్లూ అంతే. నేలలోకి కొన్ని వేల మీటర్లు దిగిన రంధ్రంలో ఏ లోతున ఇసుకరాయి ఉన్నది, ఏ లోతున బంకరాయి ఉన్నది, ఇసుకరాయి సందులలో ఉన్నది నీరా, నూనెా, వాయువా అన్న ప్రశ్నలకు తవ్వి తీసిన రాతిముక్కలు పూర్తి సమాధానం ఇవ్వవు. ఆ సమాధానం కోసం బావిలోకి దించే పరికరాల వరుసలో ఒకటి గామా కిరణాలను లెక్కిస్తుంది, ఇంకొకటి న్యూట్రాన్లను లెక్కిస్తుంది. ఒకటి చెప్పినదాన్ని రెండవది సరిదిద్దుతుంది. ఈ రెండింటి జోడింపు ఎలా అవసరమైందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

2. గామాగా పొరబడిన న్యూట్రాన్

గామా కిరణానికి ద్రవ్యరాశి లేదు, ఆవేశం లేదు. న్యూట్రాన్‌కు ద్రవ్యరాశి ఉన్నది, ఆవేశం లేదు. ఆవేశం లేని ఏ కిరణమైనా పదార్థంలో తన జాడను నేరుగా విడవదు. అది తాకి కదిలించిన ఆవేశ కణం విడిచిన జాడనే పరికరం గుర్తిస్తుంది. గామా ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుంది, న్యూట్రాన్ కేంద్రకాన్ని కదిలిస్తుంది. ఈ తేడా ఈనాటి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం. 1930లో మాత్రం అది ఎవరికీ తెలియదు.

ఆ సంవత్సరం జర్మనీలో బోతె, బెకర్ అనే ఇద్దరు పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలను బెరీలియం మీద పడనిచ్చినప్పుడు, సీసపు పలకలను సైతం సులభంగా దాటిపోయే ఒక కిరణం వెలువడటం గమనించారు. అంతగా చొచ్చుకుపోయేది గామా తప్ప మరొకటి కాదని భావించారు. 1932 జనవరిలో పారిస్‌లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడరిక్ జోలియో దంపతులు ఆ కిరణం దారిలో పారాఫిన్ మైనం ఉంచి, అందులో నుంచి ప్రోటాన్లు మహావేగంతో ఎగిరిపడటం చూశారు. అయినా వారు గామా అన్న వివరణను వదలలేదు.

కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్‌కు ఈ వివరణ లెక్కకు కుదరలేదు. క్యారమ్ బల్ల మీద స్ట్రైకరు బదులు ఒక కాయతోనే ఇంకో కాయను సూటిగా కొడితే మొదటిది దాదాపు ఆగిపోయి, దాని వేగమంతా రెండవదానికి వెళ్తుంది. సమాన బరువులున్నప్పుడే ఇది జరుగుతుంది. బరువు లేని గామా కిరణం ప్రోటాన్‌ను అంత వేగంగా తోయాలంటే దానికి సుమారు 50 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. బెరీలియం చర్యలో అంత శక్తి పుట్టే అవకాశం లేదు. ప్రోటాన్‌తో దాదాపు సమానమైన ద్రవ్యరాశి, శూన్య ఆవేశం ఉన్న కణం అనుకుంటే లెక్క సరిపోతుంది. చాడ్విక్ పారాఫిన్‌తో ఆగక నైట్రజన్ వంటి ఇతర పదార్థాలనూ అయనీకరణ గదిలో పరీక్షించి, 1932 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికకు లేఖ పంపాడు. 1935లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

శోధకాల చరిత్రకారులు ఈ ఘట్టాన్ని కణ ఆవిష్కరణగానే చూస్తారు. నిజానికి ఇది గామాను, న్యూట్రాన్‌ను వేరు చేసిన మొదటి ప్రయోగం కూడా. కణాన్ని కనుగొనడం, రెండు కిరణాలను విడదీయడం అనేవి ఇక్కడ వేర్వేరు పనులు కావు. పారిస్‌లోని జంటకు పరికరం లోపించలేదు, వారు చూసిన ప్రోటాన్లే చాడ్విక్ కూడా చూశాడు. పరికరం ఇచ్చిన సంకేతాన్ని ఏ కిరణానికి చెందినదిగా చదవాలన్న దగ్గరే తేడా వచ్చింది. తరువాతి తొంభై ఏళ్ల శోధక చరిత్ర అంతా ఈ చదువు చుట్టూనే తిరిగింది.

3. వశిష్ఠకు పడమటి ఒడ్డు

మలికిపురం మండలంలోని దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా వశిష్ఠను దాటి పాలకొల్లు, భీమవరం మీదుగా వెళ్తే పాలకోడేరు మండలం వస్తుంది. ఈ ఒక్క మండలంలోని రెండు గ్రామాలు ఈ చరిత్రకు ఇద్దరిని ఇచ్చాయి. గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు తరువాత స్వామి జ్ఞానానంద అయ్యారు. మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావును దేశం ఎ. ఎస్. రావుగా ఎరుగును. మోగల్లు అనగానే తెలుగువారికి అల్లూరి సీతారామరాజు గుర్తుకు రావడం సహజమే కాని, ఆ ఊరికి ఈ రెండవ పేరూ ఉన్నది.

జ్ఞానానంద జీవితంలో సామాన్యంగా చెప్పుకునేది యోగి కథ. హిమాలయాలలో తపస్సు చేసి, యోగాన్ని బోధించడానికి జర్మనీ వెళ్లి, అక్కడ నవీన భౌతికశాస్త్రం వైపు మళ్లారన్నది ఆ కథ. ఆ తరువాత జరిగినది తక్కువగా చెప్పుకుంటారు. ఆయన డ్రెస్డెన్‌లో చదివి, ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాల వర్ణపట పరిశోధన చేశారు. అక్కడి నుంచి ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరి, 1935 నుంచి అక్కడ ఆచార్యుడుగా ఉన్న చాడ్విక్ వద్ద బీటా కిరణాల వర్ణపటంపై పనిచేశారు. గామాను, న్యూట్రాన్‌ను విడదీసిన వ్యక్తి ప్రయోగశాలలో గోదావరి జిల్లా సన్యాసి ఒకరు కేంద్రక వికిరణాల కొలతను అభ్యసించారన్న మాట. తరువాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. 1947లో అచ్చయిన ఆయన గ్రంథం 'హై వాక్యువా' అధిక శూన్యాన్ని సాధించే పద్ధతుల గురించినది. వికిరణాన్ని కొలిచే పనికి ఈ విద్య చాలా దగ్గరిది. గణక నాళికలలో కోరిన వాయువును నింపే ముందు లోపలి గాలిని పూర్తిగా తోడివేయాలి. స్ఫటికంలోని మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చే ఫోటోమల్టిప్లయర్ గొట్టం పనిచేసేదే శూన్యంలో.

స్వదేశానికి తిరిగి వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం ఉండి, 1950లలో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వాల్తేరులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. అక్కడి కేంద్రక పరిశోధన ప్రయోగశాలలు ఆయన పేరునే ధరించాయి. 1969లో మరణించారు. యోగిగా ఆయనను గౌరవించడంలో తప్పు లేదు. కొలత పరికరాల విద్యను ఒక తెలుగు విశ్వవిద్యాలయ విభాగంలో స్థిరపరచిన వ్యక్తిగా ఆయనకు దక్కవలసిన స్థానం మాత్రం ఆ గౌరవం చాటున మరుగున పడింది.

సాంబశివరావు మార్గం వేరు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, టాటా విద్యార్థివేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. హోమీ భాభా వద్ద చేరి, ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిర్మించారు. 1956 ఆగస్టు 4న పనిచేయడం ప్రారంభించిన అప్సర రియాక్టరు నియంత్రణ వ్యవస్థ ఆయన బృందం కృషి.

రియాక్టరులో గామా, న్యూట్రాన్ల సమస్య ప్రయోగశాలలో కంటె తీవ్రమైనది. రియాక్టరు ఎంత శక్తితో నడుస్తున్నదో చెప్పేది న్యూట్రాన్ల సంఖ్య. రియాక్టరును ఆపివేసిన తరువాత కూడా విచ్ఛిత్తి ఖండాల నుంచి గామా వస్తూనే ఉంటుంది. శోధకం ఆ గామాను న్యూట్రాన్‌గా లెక్కిస్తే నడిపేవారికి అందేది తప్పు సమాచారం. దీనికి వాడిన ఉపాయం సరళమైనది. పక్కపక్కనే రెండు అయనీకరణ గదులు ఉంటాయి. ఒకదానికి లోపల బోరాన్ పూత ఉంటుంది, అది న్యూట్రాన్‌నూ గామానూ రెండింటినీ గ్రహిస్తుంది. రెండవదానికి పూత లేదు, అది గామాను మాత్రమే గ్రహిస్తుంది. మొదటి దాని విద్యుత్ ప్రవాహం నుంచి రెండవ దానిని తీసివేస్తే మిగిలేది న్యూట్రాన్ల వాటా. దీనినే పరిహారక అయనీకరణ గది అంటారు. ఒకే కవచంలో రెండు చెవులు పెట్టి, ఒకటి విన్నదాన్ని రెండవదానితో తూచడం అన్నమాట.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇసిఐఎల్) ఏర్పడినప్పుడు సాంబశివరావు దానికి తొలి మేనేజింగ్ డైరెక్టరు అయ్యారు. అణుశక్తి శాఖకు కావలసిన కొలత, నియంత్రణ పరికరాలను దిగుమతి చేసుకోకుండా స్వయంగా తయారుచేసుకోవాలన్నదే ఆ సంస్థ పుట్టుకకు ప్రధాన కారణం. వికిరణ పర్యవేక్షణ పరికరాలు ఆనాటి నుంచీ దాని ఉత్పత్తులలో ఉన్నాయి. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ పొందిన ఆయన 2003లో మరణించారు. హైదరాబాదులోని ఎ. ఎస్. రావు నగర్ పేరును రోజూ పలికే వేలమందిలో ఆ పేరు వెనుక మోగల్లు ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే.

4. ప్రయోగశాల నుంచి బావిలోకి

1934లో రోములో ఎన్రికో ఫెర్మి బృందం ఒక విశేషం గమనించింది. పారాఫిన్, నీరు వంటి హైడ్రోజన్ అధికంగా ఉన్న పదార్థాల గుండా వెళ్లిన న్యూట్రాన్లు నెమ్మదించి, కేంద్రకాలకు ఇంకా సులభంగా చిక్కుతాయి. ఆ బృందంలో అందరికంటె చిన్నవాడు బ్రూనో పొంటెకోర్వో. ఫాసిస్టు ఇటలీకి దూరమై, యుద్ధకాలంలో ఫ్రాన్సు నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరి, ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో చమురు బావులను పరీక్షించే ఒక సంస్థలో ఉద్యోగం చేశాడు. బావి గోడలోని రాతిలో సహజంగా ఉన్న గామాను కొలిచే పద్ధతి అప్పటికే వాడుకలోకి వచ్చింది. పొంటెకోర్వో దానికి న్యూట్రాన్‌ను చేర్చాడు. 1941లో ఆయన న్యూట్రాన్ లాగింగ్‌ను వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు.

ఆయన తర్కం రోము ప్రయోగానికి కొనసాగింపే. బావిలోకి న్యూట్రాన్ మూలాన్ని దించితే ఆ న్యూట్రాన్లు చుట్టూ ఉన్న రాతిలోకి వెళ్తాయి. అక్కడ హైడ్రోజన్ ఉంటే త్వరగా నెమ్మదిస్తాయి. రాతి రంధ్రాలలో ఉండే నీటిలోనూ నూనెలోనూ హైడ్రోజన్ ఉన్నది కనుక, న్యూట్రాన్ల లెక్క రాతి రంధ్రాల లెక్కను తెలియజేస్తుంది. తొలి పరికరాలు న్యూట్రాన్లను నేరుగా పట్టలేదు. నెమ్మదించిన న్యూట్రాన్‌ను ఏదైనా కేంద్రకం మింగినప్పుడు వెలువడే గామాను పట్టాయి. ఈ పద్ధతికి రెండు చిక్కులు. ఉప్పునీటిలోని క్లోరిన్ న్యూట్రాన్లను విపరీతంగా మింగి గామాను పెంచుతుంది. రాతిలో సహజంగా ఉన్న గామా కూడా ఈ లెక్కలో కలిసిపోతుంది. అందుకే క్రమంగా న్యూట్రాన్లను నేరుగా లెక్కించే హీలియం-3 గణకాలు వచ్చాయి. గామా కోసం హోఫ్‌స్టాటర్ 1948లో రూపొందించిన, థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికం నిలిచిపోయింది.

ఇక్కడ ఒక వలయం పూర్తవుతుంది. బావిలో దించే న్యూట్రాన్ మూలాలలో ఎక్కువగా వాడినది అమెరీషియం-బెరీలియం మిశ్రమం. అమెరీషియం ఇచ్చే ఆల్ఫా కణాలు బెరీలియాన్ని తాకి న్యూట్రాన్లను పుట్టిస్తాయి. 1930లో బోతె, బెకర్ గామాగా పొరబడినది ఈ చర్యనే.

5. కోనసీమ పొరలు

కృష్ణా–గోదావరి బేసిన్‌లోని భూగర్భ పొరల పేర్లు చదివితే ఒక ప్రాంతపు గ్రామసూచిక చదివినట్టుంటుంది. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి, రాజోలు ఫార్మేషన్, పాలకొల్లు షేల్, పాశర్లపూడి ఫార్మేషన్, భీమనపల్లి సున్నపురాయి, మత్స్యపురి ఇసుకరాయి. ఇందులో తిరుపతి అంటే శేషాచలం కాదు, ద్వారకా తిరుమల, అంటే చిన తిరుపతి. స్థలనామ అధ్యయనం చేసేవారికి ఇది విలువైన సామగ్రి. నేల మీద ఊరు పేరు, కింద వేల మీటర్ల లోతున అదే పేరుతో ఒక యుగం.

ఈ పొరలలో గామా ఒక్కదానినే నమ్మితే ఏమవుతుందో రాజోలు ఫార్మేషన్ బాగా చూపుతుంది. సాధారణ నియమం ఏమిటంటే, బంకరాయిలో పొటాషియం, థోరియం, యురేనియం ఎక్కువ కనుక గామా ఎక్కువ, శుభ్రమైన ఇసుకరాయిలో తక్కువ. గామా గీత కిందికి పడిన చోట ఇసుక ఉన్నదని, ఇసుక ఉన్నచోట వాయువు ఉండవచ్చని ఆశ. రాజోలు ఫార్మేషన్ మాత్రం ఇసుక కాదు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి బసాల్ట్, దక్కన్ లావా ప్రవాహాల తూర్పు కొస. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి గనులలో పైకి కనిపించే రాయి ఇదే. బసాల్ట్‌లోనూ గామా తక్కువే. గామా గీత దానినీ శుభ్రమైన ఇసుకలాగే చూపుతుంది. అది ఇసుక కాదని తేల్చేవి సాంద్రత, న్యూట్రాన్ గీతలు. దీనికి ఎదురు దిశలోనూ పొరపాటు జరగవచ్చు. ఫెల్డ్‌స్పార్ ఎక్కువ ఉన్న ఇసుకరాయి పొటాషియం వల్ల గామాను పెంచి, బంకరాయిలా కనిపిస్తుంది. గామాను మాత్రమే చదివినవారు ఆ పొరను వదిలేసి వెళ్తారు.

వాయువును గుర్తించే సందర్భంలో ఈ జోడింపు ఇంకా స్పష్టం. సాంద్రత పరికరం సీజియం-137 నుంచి గామాను రాతిలోకి పంపి, తిరిగి వచ్చిన దానిని లెక్కిస్తుంది. రంధ్రాలలో వాయువు ఉంటే రాయి తేలికగా తోచి, రంధ్రాలు ఎక్కువ ఉన్నట్టు చూపుతుంది. వాయువులో హైడ్రోజన్ సాంద్రత నీటికంటె, నూనెకంటె తక్కువ కనుక న్యూట్రాన్ పరికరం అదే చోట రంధ్రాలు తక్కువ ఉన్నట్టు చూపుతుంది. రెండూ ఒకే రాతి గురించి పరస్పర విరుద్ధంగా చెబుతాయి. కాగితం మీద రెండు గీతలు ఒకదానినొకటి దాటి విడిపోతాయి. నిపుణుడు వెతికేది ఆ విరోధం కోసమే. బంకరాయిలో ఇది తారుమారవుతుంది. బంకమట్టి పట్టి ఉంచిన నీటివల్ల న్యూట్రాన్ గీత రంధ్రాలను ఎక్కువగా చూపుతుంది, సహజ గామా గీత పక్కనే లేచి అది బంకరాయి అని హెచ్చరిస్తుంది. గామా, న్యూట్రాన్ రెండూ కలిసినప్పుడే వాయువు కనబడుతుంది.

ఈ చదువులో తప్పు జరిగితే నష్టం ధనానికే పరిమితం కాదన్నది కోనసీమకు అనుభవంలో ఉన్న విషయం. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావిలో వాయువు అదుపు తప్పి మంటలు లేచి, రెండు నెలలకు పైగా ఆరలేదు. లాగింగ్ లోపమే దానికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు, అలా చెప్పడం ఇక్కడి ఉద్దేశమూ కాదు. కింద ఏ లోతున ఏమున్నదో కచ్చితంగా తెలియడం ఆ తోటల మధ్య నివసించేవారికి ఎంత ముఖ్యమో ఆ మంట తెలియజేసింది.

6. ఒకే స్ఫటికంలో రెండూ

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నింటిలోనూ గామాకు ఒక శోధకం, న్యూట్రాన్‌కు ఇంకొకటి. ఒకే పదార్థం రెండింటినీ పట్టి, ఏది ఏదో కూడా చెప్పగలదా అన్న ప్రశ్నకు తొలి గట్టి సమాధానం కర్బన స్ఫటికాల నుంచి వచ్చింది. స్టిల్బీన్ వంటి స్ఫటికంలో గామా కదిలించిన ఎలక్ట్రాన్ ఇచ్చే మెరుపు త్వరగా ఆరిపోతుంది. న్యూట్రాన్ కదిలించిన ప్రోటాన్ ఇచ్చే మెరుపులో మెల్లగా ఆరే భాగం ఎక్కువ. 1959లో బ్రూక్స్ ఈ తేడాను విద్యుత్ వలయంతో వేరుచేసే పద్ధతిని ప్రకటించాడు. మెరుపు ఎంత పెద్దదో కాక, ఎలా ఆరిందో చూడటం ఇందులోని కొత్తదనం. చాడ్విక్ కాగితంపై లెక్కతో చేసిన పనిని ఇక్కడ వలయమే సెకనులో కోటి వంతుల కాలవ్యవధిలో చేస్తుంది.

లిథియం-6 ఉన్న స్ఫటికాలు తరువాతి మెట్టు. సీజియం, లిథియం, యిట్రియం, క్లోరిన్‌లు కలిసి, స్వల్పంగా సీరియం చేర్చిన స్ఫటికం గురించి 1999లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు ప్రకటించారు. దీనిని సిఎల్‌వైసి అని సంక్షిప్తంగా పిలుస్తారు. నెమ్మదించిన న్యూట్రాన్‌ను లిథియం-6 మింగి ఒక ఆల్ఫా కణంగా, ఒక ట్రైటియం కేంద్రకంగా విడిపోతుంది. ఆ చర్యలో 4.78 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. గామా పడినప్పుడు మాత్రమే ఈ స్ఫటికంలో అతివేగంగా ఆరే ఒక మెరుపు ఉంటుంది, న్యూట్రాన్ పడినప్పుడు అది ఉండదు. కనుక రెండింటినీ తేలికగా విడదీయవచ్చు. పైగా గామా శక్తిని కూడా సోడియం అయొడైడ్ కంటె మెరుగ్గా కొలుస్తుంది. తేమను పీల్చుకునే గుణం దీనికి లోపం. సహజ లిథియంలో లిథియం-6 సుమారు 7.5 శాతమే కనుక దానిని వేరుచేయడం ఖర్చుతో కూడినది, అణ్వాయుధాలతో సంబంధం ఉన్నందున నియంత్రణలకు లోబడినది కూడా.

ఈ స్ఫటికాలపై ఆసక్తి హఠాత్తుగా పెరగడానికి శాస్త్రం వెలుపలి కారణం ఒకటి ఉన్నది. హీలియం-3 ప్రధానంగా ట్రైటియం క్షయం వల్ల లభిస్తుంది. ట్రైటియం అర్ధాయువు 12.3 సంవత్సరాలు, దానిని నిల్వచేసేది అణ్వాయుధ కార్యక్రమాలు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా ఓడరేవులలో, సరిహద్దులలో అణుపదార్థాల రవాణాను పసిగట్టే ద్వారాలను విస్తృతంగా నెలకొల్పారు, వాటికి హీలియం-3 కావలసివచ్చింది. ఆ దశకం చివరికి కొరత ఏర్పడింది. న్యూట్రాన్లను లెక్కించే చమురు బావుల పరికరాలూ అదే వాయువుపై ఆధారపడినవే.

బావులకు సంబంధించిన ఇంకొక ప్రశ్న శోధకానిది కాదు, మూలానిది. అమెరీషియం-241 అర్ధాయువు 432 సంవత్సరాలు. తీగ తెగి లేదా పరికరం ఇరుక్కుపోయి మూలం బావిలోనే మిగిలిపోతే దానిని పైకి తీయడానికి పలుమార్లు ప్రయత్నించాలి, సాధ్యం కాకపోతే సిమెంటుతో మూసివేయాలి. అమెరికా నియమాల ప్రకారం ఆ బావి పైన, కింద ఏమున్నదో తెలియజేసే శాశ్వత ఫలకం కూడా ఉండాలి. భారతదేశంలో ఇటువంటి మూలాల వినియోగం 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులకు లోబడి ఉంటుంది. ఇటీవలి దశకాలలో ఈ మూలాలకు బదులుగా డ్యుటీరియం, ట్రైటియంలను ఢీకొట్టించి 14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లను పుట్టించే చిన్న జనరేటర్లు వాడుకలోకి వచ్చాయి. వీటిలో ట్రైటియం ఉన్నా, విద్యుత్తు ఆపిన మరుక్షణం న్యూట్రాన్లు ఆగిపోతాయి. బావిలో ఇరుక్కున్నా ఆ పరికరం న్యూట్రాన్లను వెదజల్లదు.